వకీల్ ఫైల్ ఇవ్వకపోతే ఎవరి దగ్గరకు పోవాలి: బార్ అసోసియేషనా, బార్ కౌన్సిలా?

నర్సంపేట_బిడ్డ:
అందరికీ నమస్కారం. మా నాన్నది ఒక భూమి దావా. హద్దుల దగ్గర మొదలైన పంచాయితీ, ఎదుటివాళ్లు మా పాలోళ్లే. వకీల్ గారికి మొదట్లో అడిగినంత ఫీజు ఇచ్చాం, మధ్యలో వాయిదా ఖర్చులని, కమిషనర్ ఖర్చులని ఇస్తూనే వచ్చాం, దేనికీ రసీదు లేదు. కొన్ని నెలలుగా ఆయన ఫోన్ ఎత్తడం లేదు. మొన్న ఈకోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి చూస్తే డిఫాల్ట్ కింద కొట్టేసినట్టు ఉంది. ఇంకా నాన్నకు చెప్పలేదు, చెబితే ఆయన ఆరోగ్యం ఏమవుతుందో అని టెన్షన్. వేరే వకీలును పెట్టుకుందాం, ఫైల్ ఇవ్వండి సర్ అంటే మిగతా ఫీజు కట్టి తీసుకుపొమ్మంటున్నారు, ఎన్ఓసీ (వకీలును మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వనంటున్నారు. పాత పహాణీలు, సేల్ డీడ్ ఒరిజినల్ అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

బార్ అసోసియేషన్‌లో ఒక పెద్దమనిషిని కలిస్తే కూర్చొని మాట్లాడుకోండి అన్నారు. ఇంకొకరేమో హైదరాబాద్‌లో బార్ కౌన్సిల్ ఉంది, అక్కడ ఫిర్యాదు పెట్టు అన్నారు. ఈ రెండూ వేరువేరా? అసలు వకీళ్ల సంస్థ వకీలు మీద చర్య తీసుకుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి, దండం పెడతా.

సుబేదారి_వకీల్:
తమ్ముడూ, ఫిర్యాదు సంగతి తర్వాత, ముందు దావాను బతికించుకో. వాది తరఫున ఎవరూ హాజరు కాలేదని కొట్టేసిన కేసును తిరిగి తెరిపించడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద పిటిషన్ వేయాలి. కొట్టేసిన తేదీ నుంచి 30 రోజులు గడువు. దాటిపోయి ఉంటే భయపడొద్దు, లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ జత చేస్తారు, కానీ ఎందుకు ఆలస్యమైందో నమ్మేలా రాయాలి. వకీలుకు ఫోన్ చేసిన కాల్ లిస్టు, పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, అవే నీకు ఆధారం. వకీలు హాజరు కాకపోతే ఏ పాపం తెలియని కక్షిదారు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే రఫీక్ కేసులో చెప్పింది. అట్లని కక్షిదారు ఏళ్ల తరబడి పట్టించుకోకపోయినా మన్నిస్తారని కాదు, ఈమధ్య కోర్టులు నువ్వు కేసు గురించి ఎప్పుడు విచారించావు అని గట్టిగానే అడుగుతున్నాయి.

ఎన్ఓసీ ఇవ్వకపోతే ఆగిపోయేదేమీ లేదు. ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం కోర్టు అనుమతితో పాత వకాలత్ (కేసు నడపమని ఆ వకీలుకు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం) రద్దు చేసుకోవచ్చు. కొత్త వకీలు ఆ మేరకు దరఖాస్తు పెడతారు, కోర్టు పాత వకీలుకు నోటీసు ఇస్తుంది, ఆ తర్వాత అనుమతి ఇస్తుంది.

ఇక ఫైల్. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు పట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదు. ఇది నా అభిప్రాయం కాదు, 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అక్కడ భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు తన వకీలును మార్చుకుని ఫైళ్లు అడిగితే, ముందు నా బిల్లు కట్టండి అని ఆయన ఆపారు. కోర్టు ఏమన్నదంటే, ఫీజు రావాల్సి ఉంటే దావా వేసి వసూలు చేసుకోండి, ఫైళ్లు మాత్రం ఇచ్చేయాలి, ఇవ్వకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కాబట్టి ముందు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో, మర్యాదగా ఒక ఉత్తరం రాయి. ఏయే కాగితాలు ఇచ్చావో ఒక్కొక్కటి పేరుపేరునా రాయి. ఫీజు గొడవ అందులో పెట్టొద్దు, కోపం అసలే చూపించొద్దు. ఈ ఉత్తరం రేపు బార్ కౌన్సిల్ ముందు నీ మొదటి కాగితం అవుతుంది.

రెండూ వేరా అని అడిగావు. పూర్తిగా వేరు. మన అదాలత్‌లో ఉన్నది బార్ అసోసియేషన్, అంటే ఆ కోర్టులో ప్రాక్టీస్ చేసే వకీళ్లు కలిసి పెట్టుకున్న సంఘం. బార్ రూమ్, లైబ్రరీ, జడ్జీలతో మాట్లాడటం, సభ్యులకు కష్టం వస్తే నిలబడటం దాని పని. ఒకరి సన్నదు, అంటే వకీలుగా పనిచేసే అనుమతి, తీసేసే అధికారం దానికి లేదు. బార్ కౌన్సిల్ 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్ పెట్టిన చట్టబద్ధ సంస్థ. రాష్ట్రంలో ఎవరు వకీలో రోల్‌లో, అంటే వకీళ్ల జాబితాలో, రాసేది అది, తప్పు చేస్తే ఆ రోల్ నుంచి తీసేసేదీ అదే. మన రాష్ట్ర కౌన్సిల్ హైదరాబాద్‌లో హైకోర్టు ప్రాంగణంలోనే ఉంది.

గోదావరిఖని_కార్మికుడు:
సుబేదారి సర్ చెప్పింది బాగుంది కానీ మొత్తం చదివాక కూడా నా అనుమానం పోలేదు. కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేది వకీళ్లు. ఓట్లు వేసేది వకీళ్లు. ఫిర్యాదు మీద విచారణ చేసేది వకీళ్లు. మళ్లీ ఓట్ల కోసం తిరగాల్సినవాళ్లు తోటి వకీలును శిక్షిస్తారని మామూలు మనిషి ఎట్లా నమ్మాలి? డాక్టరు మీద వినియోగదారుల కోర్టుకు పోవచ్చు, వకీలు మీద ఎందుకు పోకూడదు?

పరకాల_పద్మ:
@గోదావరిఖని_కార్మికుడు అన్నా, వినియోగదారుల కోర్టు దారి మూసుకుపోయింది. 2024 మే నెలలో సుప్రీంకోర్టు వకీళ్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తీర్పు ఇచ్చింది. కక్షిదారు చెప్పినట్టు నడుచుకునే బాధ్యత వకీలుకు ఉంటుంది, కాబట్టి ఈ సంబంధం వేరే రకం అన్నారు. నాకు ఆ తీర్పు నచ్చలేదు, అది వేరే సంగతి. కానీ ఆ దారి పోయింది కాబట్టే బార్ కౌన్సిల్ దారి ఎట్లా పనిచేస్తుందో అందరూ తెలుసుకోవాలి.

నేను ఫిర్యాదు పెట్టిన మనిషిని కాబట్టి చెబుతున్నా. మా ఆయన రోడ్డు ప్రమాదంలో పోయాక మోటారు ప్రమాద నష్టపరిహారం కేసు వేశాం. వచ్చిన దాంట్లో ఇంత శాతం నాది అని వకీలు ముందే తెల్ల కాగితం మీద సంతకం చేయించుకున్నారు. నాకప్పుడు అది మామూలే అనిపించింది, ఊర్లో అందరూ అట్లనే ఇస్తున్నారు కదా. డబ్బు వచ్చాక తెలిసింది, వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం తప్పని. గెలుపోటముల మీద ఆధారపడే ఫీజు, వాటా, రెండూ కుదరవు.

ఫిర్యాదు రాతపూర్వకంగా, అఫిడవిట్‌తో, కాగితాల కాపీలతో పెట్టాను. వకీలు పేరుతో పాటు ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాస్తే పని సులువు, అది వకాలత్ మీదే ఉంటుంది. కౌన్సిల్ వాళ్లు ఆయన జవాబు తెప్పించారు. ఫిర్యాదులో పస ఉందనుకుంటే క్రమశిక్షణ కమిటీకి పంపుతారు. ముగ్గురు ఉంటారు, ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, ఒకరు బయటి నుంచి తీసుకున్న అనుభవం ఉన్న వకీలు. సాక్షులను పిలిపించడంలో, కాగితాలు తెప్పించడంలో ఆ కమిటీకి సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉన్నాయి.

ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫిర్యాదు పెట్టాక మధ్యవర్తులు ఇంటికి వస్తారు, రాజీ పడమంటారు. రాజీ పడ్డంత మాత్రాన, ఫిర్యాదుదారు వెనక్కి తీసుకున్నంత మాత్రాన విచారణ ఆపకూడదని నియమాల్లోనే రాసి ఉంది. ఇది తెలిశాక నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా నన్ను ఒక్కదాన్ని చేసి మాట్లాడుతున్నారు.

వేదిక_నిర్వాహకుడు:
అందరికీ ఒక విన్నపం. ఏ వకీలు పేరు, ఏ కోర్టులో కేసు, ఏ నంబరు అన్న వివరాలు ఇక్కడ రాయకండి. రాస్తే తీసేస్తాం. పద్మ గారూ, మీరు జాగ్రత్తగా రాశారు, ధన్యవాదాలు.

సుబేదారి_వకీల్:
పద్మమ్మా, నువ్వు రాసింది నూటికి నూరు పాళ్లు సరైంది. దానికి కొంచెం కలుపుతా. అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 35 కింద కమిటీ చేయగలిగినవి ఇవి: ఫిర్యాదు కొట్టేయడం, వకీలును మందలించడం, కొంతకాలం ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేయడం, రోల్ నుంచి పేరు తీసేయడం. నచ్చకపోతే 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీలు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు. అంటే చివరి మాట వకీళ్లది కాదు, సుప్రీంకోర్టుది. గోదావరిఖని అన్న అనుమానానికి చట్టంలో ఉన్న జవాబు ఇదే. ఇంకొకటి, ఫిర్యాదు అందిన ఏడాదిలోగా రాష్ట్ర కౌన్సిల్ తేల్చాలి, తేల్చకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్లిపోతుంది. ఈ ఒక్క ఏడాది గడువును గట్టిగా పాటించమని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది.

కానీ అక్కడ డబ్బు తిరిగి ఇప్పించరు. ఇచ్చిన ఫీజు వాపసు కావాలంటే, నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకే పోవాలి. చాలామంది ఇది తెలియక పైసలు వస్తాయని ఆశపడి ఫిర్యాదు పెట్టి నిరాశ పడతారు. అట్లాగే కేసు ఓడిపోవడం దుష్ప్రవర్తన కాదు. ఎంత బాగా వాదించినా ఓడిపోయే కేసులు ఉంటాయి. చెప్పకుండా వాయిదాలకు పోకపోవడం, కాగితాలు ఆపడం, కక్షిదారు డబ్బు వాడుకోవడం, ఎదుటివాళ్లతో కలవడం, ఇవీ దుష్ప్రవర్తన.

హన్మకొండ_జూనియర్:
ఈ చర్చ అంతా వకీళ్ల తప్పుల మీదే నడుస్తోంది, మా వైపు నుంచి కూడా కొంచెం వినండి. నేను ప్రాక్టీసులోకి వచ్చి మూడో ఏడు. పొద్దున సీనియర్ ఆఫీసు, తర్వాత కోర్టు, సాయంత్రం మళ్లీ ఆఫీసు. నెలకు సీనియర్ ఇచ్చేది నా రూమ్ కిరాయికి, పెట్రోలుకు చాలదు, ఇంటి నుంచి అమ్మ పంపుతుంది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది, కానీ అది సిఫారసు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త వకీళ్లకు నెలకు 5 వేలు ఇచ్చే పథకం మొదలుపెట్టారు. మనకూ అలాంటిది కావాలి. ఆకలితో ఉన్న జూనియర్ తొందరగా తప్పుదారి పడతాడు, పద్మ అక్క చెప్పిన శాతం బేరాలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఇది సమర్థన కాదు, ఉన్న సంగతి.

భద్రత కూడా. 2021 ఫిబ్రవరిలో మంథని దగ్గర పట్టపగలు నడిరోడ్డు మీద న్యాయవాద దంపతులను కారు ఆపి నరికి చంపారు. మన ఉత్తర తెలంగాణలోనే. ఆరోజు నుంచి మా అమ్మ నేను సాయంత్రం ఫోన్ చేసేదాకా అన్నం తినదు. రాజస్థాన్, కర్ణాటక వకీళ్ల రక్షణకు చట్టాలు చేసుకున్నాయి. వకీళ్ల హక్కులు కాపాడటం కూడా అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 6లో బార్ కౌన్సిల్ పనిగా రాసి ఉంది, దుష్ప్రవర్తన విచారించడం రాసిన సెక్షన్‌లోనే.

గోదావరిఖని_కార్మికుడు:
తమ్ముడూ, ఆ హత్యలు మా జిల్లాలోనే జరిగాయి, మాకు తెలుసు ఆ భయం. మీకు రక్షణ చట్టం కావాలంటే మేమూ మీ వెంట ఉంటాం. తెలంగాణ ఉద్యమంలో వకీళ్లు కోర్టులు వదిలి రోడ్డు మీదికి వస్తే మేం గనుల్లో సకల జనుల సమ్మె చేశాం, ఆ సంబంధం మర్చిపోయేది కాదు. నేను అడిగేది ఒక్కటే. విధుల బహిష్కరణ అని చీటికిమాటికి కోర్టుకు దూరంగా ఉంటే వాయిదా పడేది మా కేసు. కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చిన మనిషి సాయంత్రం వరకు చెట్టు కింద కూర్చొని తిరిగిపోతాడు. కార్మికుడు సమ్మె చేస్తే అతని జీతం పోతుంది. వకీలు సమ్మె చేస్తే కక్షిదారు రోజు పోతుంది.

సుబేదారి_వకీల్:
ఈ మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. వకీళ్లకు సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే హరీష్ ఉప్పల్ కేసులో చెప్పింది. నిరసన చెప్పాలంటే బ్యాడ్జీలు పెట్టుకోవచ్చు, ప్రెస్ మీట్ పెట్టుకోవచ్చు, కోర్టు బయట శాంతియుతంగా ఊరేగింపు తీయొచ్చు. న్యాయవ్యవస్థ గౌరవానికే దెబ్బ తగిలే అరుదైన సందర్భంలో ఒక్కరోజుకు మించని నిరసనను చూసీచూడనట్టు వదిలేయొచ్చు అన్నారు. మా బార్‌లో నేను ఈ మాట లేచి చెబితే కుర్రవాళ్లకు కోపం వస్తుంది, అయినా చెబుతూనే ఉంటా. కక్షిదారు మన మీద నమ్మకంతో వకాలత్ మీద సంతకం పెట్టాడు. ఆ నమ్మకం నిలబెట్టేదాకా మనం అడిగే ఏ హక్కుకూ జనం మద్దతు రాదు. ఫిర్యాదులు త్వరగా తేల్చితే నష్టపోయేది నలుగురు, బాగుపడేది నిజాయితీగా పనిచేసే వేలమంది వకీళ్లు. నేను బార్ కౌన్సిల్ నుంచి కోరుకునే మొదటి వకీళ్ల సంక్షేమం అదే.

కేయూ_లా_ఫైనల్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి సర్. ఈ ఏడాది ఎల్ఎల్‌బీ అయిపోతుంది. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఎంత? మా సీనియర్లు అప్పట్లో వేలకు వేలు కట్టామంటున్నారు. మా నాన్న హమాలీ, ఎనుమాముల మార్కెట్‌లో. ముందే తెలిస్తే సర్దుకుంటాం.

హన్మకొండ_జూనియర్:
తమ్ముడూ, నేను కట్టినంత నువ్వు కట్టక్కర్లేదు. 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చట్టంలో రాసిన దానికన్నా ఎక్కువ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఏ బార్ కౌన్సిల్ కూడా తీసుకోకూడదు. జనరల్ వాళ్లకు మొత్తం 750 రూపాయలు, అందులో 600 రాష్ట్ర కౌన్సిల్‌కు, 150 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు. ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంప్ డ్యూటీ వేరే ఉంటుంది. అంతకు ముందు లైబ్రరీ ఫండ్, వెరిఫికేషన్, ఐడీ కార్డు అని రకరకాల పేర్లతో తీసుకునేవాళ్లు. బీదవాళ్ల పిల్లలను గడప దగ్గరే ఆపేసే ఫీజు సమానత్వానికి విరుద్ధం అన్నది కోర్టు మాట. పాత ఫీజులు మాత్రం వాపసు రావు, తీర్పు అప్పటి నుంచే వర్తిస్తుంది. ఎన్‌రోల్‌మెంట్‌తో పాటు ఆలిండియా బార్ ఎగ్జామ్ కూడా పాస్ కావాలి, దాని ఫీజు వేరు.

సుబేదారి_వకీల్:
ఫీజు తగ్గినందుకు సంతోషమే. అయితే కౌన్సిల్ ఆఫీసు నడవాలి, క్రమశిక్షణ కమిటీలు కూర్చోవాలి, సిబ్బందికి జీతాలు ఇవ్వాలి. కొత్త పిల్లల జేబు నుంచి కాకుండా ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో పార్లమెంటు ఆలోచించాలి. 600 అంకె 1993లో పెట్టింది.

సంక్షేమ నిధి గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతా. వకాలత్ మీద అతికించే వెల్ఫేర్ స్టాంపు డబ్బు ఆ నిధికి పోతుంది. వకీలు చనిపోతే కుటుంబానికి వచ్చేది అందులోంచే. ఆ స్టాంపు ఖర్చు చాలాసార్లు పెట్టేది కక్షిదారు. అంటే మా కుటుంబాల కష్టకాలంలో నర్సంపేట రైతు రూపాయి కూడా ఉంది. ఇది మా వకీళ్లందరూ గుర్తుంచుకోవాలి.

నర్సంపేట_బిడ్డ:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కొత్త వకీలును కలిశాను. ముందుగా సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టారు, కోర్టు రికార్డులో ఉన్నవన్నీ వస్తాయట, ఫైల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు అన్నారు. కేసు తెరిపించే పిటిషన్, ఆలస్యం పిటిషన్ రెండూ తయారయ్యాయి. రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. దానికి పాత వకీల్ గారి గుమాస్తా ఫోన్ చేసి, కాగితాలు వచ్చి తీసుకుపోండి, కానీ ఫీజు బాకీ లేదని రాసివ్వలేం అన్నాడు. పోయి తీసుకోనా? తీసుకుంటే ఫిర్యాదు పెట్టే హక్కు పోతుందా?

సుబేదారి_వకీల్:
వెంటనే పోయి తీసుకో. ఒక్కో కాగితం సరిచూసుకుని, ఏమేమి అందాయో జాబితా రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఒరిజినల్ సేల్ డీడ్ ఉందో లేదో ముందు చూడు. ఫిర్యాదులు ఏమీ లేవు, అన్నీ సెటిల్ అయ్యాయి అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. ఫైల్ అందినా, వాయిదాలకు పోకుండా కేసు పోగొట్టిన సంగతి అట్లాగే ఉంటుంది, దాని మీద ఫిర్యాదు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం, నాన్నతో మాట్లాడి నిర్ణయించుకో.

పరకాల_పద్మ:
ఒంటరిగా పోవద్దు తమ్ముడూ, తెలిసినవాళ్లను ఒకరిని తోడు తీసుకుపో. సంతకం పెట్టిన జాబితా అక్కడే ఫోటో తీసుకో.

ములుగు_టీచరమ్మ:
ఇప్పుడే చర్చ మొత్తం చదివాను. మా బడిలో వంట చేసే ఆమె కోసం అడుగుతున్నా. భర్త వదిలేసి పోయాడు, మనోవర్తి కేసు వేయాలి. వకీలు ఫీజు కట్టే స్థితి అసలు లేదు. ఆమె కూడా బార్ కౌన్సిల్‌కే రాయాలా?

హన్మకొండ_జూనియర్:
కాదు టీచరమ్మా, ఆమె పోవాల్సింది న్యాయ సేవాధికార సంస్థకు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవా సదన్ ఉంటుంది. 2022 జూన్ 2 నుంచి మన దగ్గర కొత్త జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి కాబట్టి ములుగు వాళ్లు హన్మకొండ దాకా రానక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా తిప్పితే ఆడవాళ్లకు అక్కర్లేదని గట్టిగా చెప్పండి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు, కాల్ ఉచితం. ఆమె ఆధార్, పెళ్లి ఫోటో లేదా పెళ్లి కార్డు, పిల్లల బోనఫైడ్, భర్త ఎక్కడ పనిచేస్తాడో తెలిస్తే ఆ అడ్రసు, ఇవి దగ్గర పెట్టుకోమనండి. ఆ సంస్థ ఇచ్చిన వకీలు డబ్బు అడిగితే ఆ విషయం అక్కడి సెక్రటరీ గారికే రాసివ్వాలి, ఆ పోస్టులో ఉండేది ఒక జడ్జి.

ములుగు_టీచరమ్మ:
సోమవారం ఆమెను నేనే తీసుకుపోతా బాబూ.